తగరం లేని దారి

ఆ పరిశోధనశాలలో ఆవిడను సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ జాగ్రత్తమ్మ. సీసా మూత బిగించారా, కళ్ళద్దాలు పెట్టుకున్నారా, ఆ గొట్టం ఊడేలా లేదూ అంటూ పొద్దస్తమానం ఎవరో ఒకరి వెంట పడుతూనే ఉండేది. మెట్లు దిగేటప్పుడు కమ్మీ వదిలేది కాదు. రోడ్డు దాటాలంటే రెండు వైపులా చూసి, మళ్ళీ మొదటి వైపు చూసి, అప్పుడు కూడా ఎవరైనా తోడు దొరుకుతారేమోనని కాసేపు ఆగేది. అంత పిరికిదానివి రసాయనశాస్త్రం ఎందుకు చదివావని అడిగితే, "భయం ఉన్నవాళ్ళే చదవాలండీ, లేనివాళ్ళు చదివితే కొంప అంటుకుంటుంది" అనేది.

ఆవిడ చేసే పని ప్లాస్టిక్ సౌరఫలకాల్లో వేసే ఒక పలుచటి పొర. ఇంట్లో అత్తగారికి ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉండేది.

"ఇంతకీ పొద్దున్నే క్యారేజీ కట్టుకుని వెళ్ళి అక్కడ ఏం చేస్తావమ్మాయ్?"

"ఎండ పడితే కరెంటు పుట్టే రంగుపూత ఒకటి ఉంటుంది అత్తయ్యా. పుట్టిన కరెంటు ఆ పూతలోంచి పైనున్న లోహపు రేకులోకి వెళ్ళాలి. మధ్యలో గడప ఎత్తుగా ఉంటే చాలామటుకు దాటలేక అక్కడే నశించిపోతుంది. ఆ గడపను కిందికి దించే పొర నేను చేస్తాను."

"ఎంత మందం ఉంటుందేమిటి?"

"మీ తలవెంట్రుకను కొన్ని వేల పొరలుగా చీల్చగలిగితే, అందులో ఒక పొరంత."

"అంటే కనిపించదు. కనిపించని పనికి జీతమిస్తున్నారు. మంచి ఉద్యోగమే పట్టావు!"

కనిపించని ఆ పొర నిజానికి పొడవాటి గొలుసుల్లాంటి అణువుల అల్లిక. రెండు రకాల వలయాలు ఒకటి విడిచి ఒకటి చేయీ చేయీ పట్టుకుని గొలుసు కడతాయి. ఆ గొలుసు పొడవునా ఎలక్ట్రాన్లు జారుకుంటూ పోతాయి. గొలుసుకు పక్కలనుంచి తోకలు వేలాడుతుంటాయి. గడపను దించే మహిమ ఆ తోకల కొసల్లోనే ఉంది. అవి ఉండబట్టే గొలుసు ఆల్కహాల్‌లో కరుగుతుంది, కిందనున్న రంగుపూతను చెడగొట్టకుండా దానిమీద పరుచుకుంటుంది. ఇదంతా బాగానే ఉంది. చిక్కల్లా ఆ వలయాలు చేతులు కలపడం దగ్గరే వస్తుంది. వాటంతటవి కలవవు. ముందు ఒక వలయానికి తగరపు గుంపు తగిలించాలి.

ఆ తగరం వంటపాత్రలకు కళాయి వేసే తగరం కాదు. మిథైల్ గుంపులు తగిలించుకున్న తెల్లటి పలుకు. మూత తీస్తే కుళ్ళిన వాసన. ఊపిరితో లోపలికి పోతుంది, చర్మంలోంచీ దిగుతుంది, దిగినది నేరుగా మెదడును వెతుక్కుంటూ పోతుంది. దాని జాగ్రత్తల కాగితం జాగ్రత్తమ్మకు కంఠోపాఠం. అందులో ఆవిడను అన్నిటికంటే భయపెట్టిన మాట ఒకటుంది: లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు.

ఆ రోజు పని సవ్యంగానే మొదలైంది. విషపు ఆవిర్లను పైకి లాగేసే అద్దాల అర ముందు కూర్చుని, తెరను గడ్డం కిందిదాకా దించుకుంది. చల్లటి ఫ్లాస్కులో వలయం సిద్ధంగా ఉంది. సిరంజిలోకి తగరపు ద్రావణం లాగింది. సూదిని సీసాలోంచి బయటకు తీస్తుండగా సిరంజి కాడ వేళ్ళమధ్య జారింది.

శబ్దమేమీ కాలేదు. ఒక్క చుక్క ఎగిరి ఎడమ మణికట్టు మీద, పలుచటి గ్లవ్ మీద పడింది. చల్లగా తగిలింది.

కాలినా బాగుండేది, మండినా బాగుండేది. చల్లగా, చిన్నపిల్లలు ముద్దుపెట్టినట్టు తగిలింది. ద్రావణం ఆవిరైపోతోంది కనుక ఆ చలి. గ్లవ్ రబ్బరు ఆ ద్రావణాన్ని ఎంతోసేపు ఆపదని ఆవిడే అందరికీ పాఠం చెప్పేది.

చేతులు అలవాటు కొద్దీ తమ పని చేసుకుపోయాయి. సిరంజిని అరలోపలే పడుకోబెట్టింది, సీసా మూత పెట్టింది, తెర పూర్తిగా దించింది. అప్పుడు గ్లవ్ ఒలిచి అవతల పారేసి కుళాయి కిందికి పరిగెత్తింది.

పక్కగదిలో, నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో మోచేతులదాకా చేతులు దూర్చుకుని పనిచేసే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆవిడ చేసిన పొరలను పరిచి సౌరఘటాలు తయారుచేసేది ఆయనే. రోజంతా ఆ పెట్టెకు అతుక్కుని ఉంటాడని ఆయన్ను పెట్టె బాబాయి అనేవారు. కుళాయి ఆగకుండా పారుతున్న చప్పుడు విని వచ్చాడు. సబ్బుతో మణికట్టును ఎర్రగా కమిలేలా తోముతున్న మనిషిని చూశాడు.

"ఏమైంది తల్లీ?"

"తగరం."

బాబాయి ఆవిడ కోటు విప్పించి సంచిలో వేసి మూతి కట్టి, బండి పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు నిజాయితీపరుడు. "ఈ మందు పేరు వినడం ఇదే మొదటిసారండీ," అన్నాడు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి వచ్చి, విరుగుడు లేదని చెప్పాడు. మూత్రం పరీక్షకు వేరే ఊరు పంపాలి, ఫలితం రావడానికి టైము పడుతుంది. "ఈలోగా మతిమరుపు, చెవుల్లో హోరు, కారణం లేకుండా కోపం, ఒళ్ళు వణకడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా వెంటనే రండి."

"ఏవీ కనిపించకపోతే?"

"హాయిగా ఇంట్లో ఉండండి."

హాయిగా ఉండటమన్న మాట విని బాబాయి కూడా తల దించుకున్నాడు.

ఆవిడ భర్త లిఫ్టు మెకానిక్. ఎత్తయిన భవనాల్లో చీకటి గోతుల్లో వేలాడుతూ పనిచేసే మనిషికి భయమంటే ఏమిటో అంతగా తెలియదు. ఆ సాయంత్రం పెళ్ళాం చెప్పిందంతా విని, ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"చూడు, అందరూ తాడు తెగితే లిఫ్టు పడిపోతుందనుకుంటారు. పడదు. పక్కన బ్రేకు పట్టుకుంటుంది. నీకూ ఏమీ కాదు."

"ఒంట్లో ఆ బ్రేకు ఎక్కడుందండీ?"

ఆయన మర్నాడు పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, పేజీ అంచు మీదుగా ఆవిడను గమనించాడు. ఆయన గమనిస్తున్నాడని తెలిసి ఆవిడ భయం రెట్టింపయింది.

అక్కడినుంచి మొదలైంది అసలు నరకం. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం ఆవిడ మంచం, కంచం రెండూ పంచుకుంది. లేవగానే మూలకాల పట్టిక మనసులో అప్పజెప్పుకునేది. హైడ్రోజన్, హీలియం, లిథియం. ఎక్కడైనా ఒక క్షణం ఆగితే ఒళ్ళంతా చెమట. తగరం దగ్గరికి వచ్చేసరికి నాలుక తడబడేది, అది మతిమరుపో భయమో తెలిసేది కాదు. ఒక పొద్దున వంటింట్లో పిండి గిన్నె ముందు నిలబడి ఒక మాట కోసం వెతుకుతూ మిగిలిపోయింది.

"ఏం కావాలి?" అంది అత్తగారు.

"అదే, ఆ చిల్లుల… గుండ్రంగా… పిండి…"

"జల్లెడా?"

జాగ్రత్తమ్మ గోడకు చేరబడి ఏడ్చేసింది. జల్లెడ. ముప్పూటలా వాడే మాట. పోయింది. మెదడులో తగరం తవ్వడం మొదలుపెట్టింది.

"జల్లెడకు ఇంత ఏడుపా?" అంది అత్తగారు. కొడుకు సంగతంతా చెప్పే ఉన్నాడు. "నేను సగం సార్లు నీ మొగుణ్ణి వాళ్ళ నాన్న పేరు పెట్టి పిలుస్తాను. మరి నేనేం తగరం తిన్నాను?"

మాట నవ్వు తెప్పించేదే. కానీ ఆ ముసలామె మాట పూర్తిచేసి జల్లెడ అందించాక కోడలి పక్కనుంచి కదల్లేదు. అది జాగ్రత్తమ్మ కళ్ళబడింది.

ఆదివారం మధ్యాహ్నం మరో ఘోరం జరిగింది. అత్తగారికి చెవుడు. టీవీ పెడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి పల్లెత్తు మాట అనని కోడలు, ఆ రోజు ఉన్నట్టుండి గదిలోకి వచ్చి, "ఆపండి! ఆ గోల ఆపుతారా లేదా?" అని అరిచింది. అరిచిన మరుక్షణం తన గొంతు విని తానే బిగుసుకుపోయింది. కారణం లేకుండా కోపం. డాక్టరు అన్న మాట అదే. స్నానాలగదిలోకి పారిపోయి గడియ పెట్టుకుని, అద్దంలో కళ్ళలోకి చూసుకుంది. ఆ అరిచింది తానేనా, లేక తనలోకి దూరిన ఆ తెల్లటి పలుకా? ఇంతకాలం తన మనసు తనదని నమ్మింది. ఇప్పుడు ఏ కోపం తనదో, ఏ మరుపు తనదో చెప్పేవాళ్ళు లేరు. చావుకంటే ఆ ఆలోచనే భయంకరంగా తోచింది.

తలుపు అవతల అత్తగారు నిలబడింది.

"అమ్మాయ్, అరిచింది నువ్వేనా?"

లోపల జాగ్రత్తమ్మ గడియమీద చెయ్యి వేసి ఆగింది.

"నువ్వే అయితే మంచిదే. వచ్చిన నాటినుంచీ చూస్తున్నాను, కడుపులో పెట్టుకుని తిరగడమే తప్ప నోరు తెరవవు. కోపం తగరానిది కాదులే, నా టీవీది. కట్టేశాను, బయటకు రా."

బయటకు వచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో, చెవుల్లో, సన్నగా, ఎడతెగకుండా ఒక కూత.

పైప్రాణాలు పైనే పోయాయి. కుర్చీ అందుకుని కూలబడింది. చెవుల్లో హోరు. మరుపయింది, కోపమయింది, హోరు వచ్చింది, ఇక మిగిలినవి వణుకు, ఫిట్స్, వణుకూ మొదలైంది. అరచేతులు చెవులకు అడ్డం పెట్టుకుంది. కూత తగ్గినట్టే ఉంది, తగ్గనట్టూ ఉంది. కళ్ళు మూసుకుని భయంతో బిగిసిపోయి కూర్చుంది.

"ఏమిటా కూత?" అంది అత్తగారు.

జాగ్రత్తమ్మ కళ్ళు తెరిచింది.

"మీకు వినిపిస్తోందా అత్తయ్యా?"

"చెవిటిదాన్నని ఎగతాళా? ఈల వేస్తున్నట్టు వినిపిస్తుంటేనూ!"

పై వాటాలో కుళాయి అరిగి గొట్టం కూస్తోంది. భర్త పైకి వెళ్ళి కట్టించి వచ్చేదాకా అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ కూత వింటూ కూర్చున్నారు. చెవిటి ముసలామెకు ఒక శబ్దం వినిపించినందుకు ఒక మనిషి అంతగా ఏడవడం ఆ ఇంట్లో మునుపెన్నడూ జరగలేదు.

పరీక్ష ఫలితం వచ్చింది. మామూలు మనిషిలో ఉండేదానికంటే తగరం ఎక్కువే ఉంది, ప్రమాదం దాకా లేదు. గండం గడిచిందన్నాడు డాక్టరు. జాగ్రత్తమ్మ తలూపింది. గండం గడిచినా భయం గడవలేదు. పనిలోకి వెళ్ళిన మొదటి రోజు అద్దాల అర ముందు నిలబడి సిరంజి తీసుకుంటే చెయ్యి గాలికి ఊగే ఆకులా ఊగింది. ఉత్త సిరంజి, లోపల నీళ్ళు కూడా లేవు. కింద పెట్టేసింది.

అదే సమయంలో ఆ పరిశోధనశాల ప్రొఫెసర్, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, సంతోషంగా వచ్చింది. అంతకుముందు జాగ్రత్తమ్మ చేసిన పొరతో బాబాయి కట్టిన సౌరఘటం ఆ శాలలో అప్పటివరకూ ఎవరూ చూడనంత కరెంటు ఇచ్చింది. వేరేచోట వాళ్ళూ పరీక్షిస్తామంటున్నారు.

"ఇంకాస్త ఎక్కువ మోతాదులో చేసిపెట్టాలి. నీకు ఒంట్లో బాగుంటేనే సుమా."

చేస్తానంటే చెయ్యి ఒప్పదు, చెయ్యనంటే ఉద్యోగం ఏమవుతుందో తెలియదు.

"మేడమ్, నాకు… తగరం ముట్టుకోవాలంటే భయంగా ఉంది."

మేడమ్ మంచి మనిషే. "పోనీ ఆ ఒక్క మెట్టు వేరేవాళ్ళతో చేయిద్దాం. మిగతాది నువ్వు చెయ్యి," అంది.

అది విని ఊపిరి పీల్చుకోవలసింది. కానీ ఆ మాట ఆవిడను ఇంకా భయపెట్టింది. ఇంకొకరి మణికట్టు కళ్ళముందు మెదిలింది. ఆ ఇంకొకరి ఇంట్లో జల్లెడ కోసం తడుముకునే పొద్దున మెదిలింది.

"వద్దు మేడమ్. తగరమే లేకుండా గొలుసు కడతాను."

"ఆ దారి చాలామంది తొక్కి వదిలేశారు. గొలుసులు సరిగా కట్టుకోవు, నీకు తెలియనిదా?"

"తెలుసు. అదీ భయంగానే ఉంది. కానీ ఆ భయాన్ని శాలలో వదిలేసి ఇంటికి పోవచ్చు. ఇది నాతోపాటే వస్తోంది."

మేడమ్ ఆవిడ ముఖంలోకి చూసింది. వానలు పడేదాకా చూద్దామంది. అంటే అప్పటికి కాకపోతే పాత దారే.

తగరం లేకపోతే వలయం మూలనున్న హైడ్రోజన్‌ను పల్లాడియం అనే లోహం సాయంతో నేరుగా తప్పించి, ఆ చోట రెండో వలయాన్ని తగిలించాలి. బాధేమిటంటే వలయానికి అలాంటి మూలలు చాలా ఉంటాయి. ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటే గొలుసు కాదు, వలలా చిక్కుపడుతుంది. మొదటిసారి ఫ్లాస్కులో రబ్బరు ముద్ద తేలింది. ఏ ద్రావణిలోనూ కరగలేదు. రెండోసారీ ముద్దే. ఆ తర్వాతా ముద్దలే. గరిటెతో గీకి పారేస్తుంటే, తన ఉద్యోగాన్నే గీకి పారేస్తున్నట్టుండేది. కిటికీలోంచి మబ్బు కనబడితే రెక్క మూసేసేది. వాన వస్తే పాత సీసా బయటకు వస్తుంది.

ఒకరోజు బాబాయి టీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎక్కడ తేడా వస్తోంది తల్లీ?"

"నేను వద్దన్న మూలల్లో అతుక్కుంటోంది బాబాయ్. ఎంత వేడి తగ్గించినా వినదు."

"పిల్లల్ని మెట్ల దగ్గరికి పోవద్దంటే వింటారా మరి? పోతారు."

ఆయన ఊరికే అన్న మాట. ఆవిడ దాన్నే పట్టుకుంది. వద్దంటే వినదు. ఇంట్లో పిల్లలుంటే వద్దని చెప్పి ఊరుకోం కదా, మెట్లకు అడ్డం కడతాం. మరి వలయాన్నే మార్చేస్తే? పక్క మూలలను ఆక్సిజన్ వంతెనతో ముందే మూసేసిన వలయం ఒకటుంది. దానికి తెరిచి ఉండేవి రెండే మూలలు. అతుక్కోవాలన్నా మరో చోటు దొరకదు. పిరికివాళ్ళ బుర్రే పనిచేసింది. తప్పు జరగగల చోట్లన్నీ వరసగా ఊహించుకుని, ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చింది.

కొత్త వలయం వేస్తే గడప ఎత్తు మారుతుంది. అది ఇంకో భయం. అందుకని తోకలనూ కొంచెం మార్చింది. ఈసారి ఫ్లాస్కులో ముద్ద లేదు. ముదురు నీలిరంగు ద్రవం. ఆల్కహాల్‌లో పోస్తే కరిగింది. ఆవిడ దాన్ని నమ్మలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ కరిగింది.

బాబాయి పెట్టెలో రబ్బరు చేతులతో దాన్ని పరిచి, లోహం పూసి, ఎండలా వెలిగే దీపం కింద పెట్టిన రోజు ఆవిడ గదిలోకి రాలేదు. వరండాలో గోడవైపు తిరిగి నిలబడింది. లోపలినుంచి బాబాయి కేక వేశాడు.

"తల్లీ, తగరం దానికంటే ఒక పిసరు తక్కువ!"

తక్కువంటే ఎవరికి కావాలి? వానలు దగ్గర పడ్డాయి. మేడమ్ ఆ అంకె చూసి, దీపం కిందనుంచి తియ్యవద్దని మాత్రం చెప్పింది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఎండలో మాడుతున్నట్టు ఆ దీపం కింద ఉన్నాయి. రోజూ పొద్దున్నే జాగ్రత్తమ్మ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వచ్చి చూసేది. పాతది రోజురోజుకీ నీరసించింది. కొత్తది కొద్దిగా దిగి అక్కడ నిలిచిపోయింది. గొలుసుల్లో మిగిలిపోయిన తగరమే పాతదాన్ని తింటోందేమోనని బాబాయి అనుమానం. అది ఎవరూ తేల్చలేదు. మేడమ్ మాత్రం తేల్చేసింది.

"తగరం సీసాలు తీసేయించండి."

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మనిషి, అది విన్న రోజున వణికిపోయింది. ఎందుకంటే ఫ్రిజ్‌లో ఉన్న పెద్ద సీసా మూత బీటవారి ఉంది. మూతి చుట్టూ తెల్లటి పలుకులు పేరుకున్నాయి. కారే సీసాను తీసుకుపోవడానికి వ్యర్థాలవాళ్ళు ఒప్పుకోరు. ఎవరో ఒకరు దాన్ని అంతకంటే పెద్దదైన గట్టి సీసాలోకి మార్చాలి.

"నేను చేస్తాను," అన్నాడు బాబాయి.

"మీ చేతులకు పెట్టె అలవాటు. బయట గాలిలో పని మీకంటే నాకే ఎక్కువ తెలుసు," అంది. ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆవిడకే అర్థం కాలేదు.

ఒకదానిమీద ఒకటి రెండు జతల గ్లవ్స్ వేసుకుంది, వాటిమీద మందపాటివి. మోచేతులదాకా ప్లాస్టిక్ తొడుగులు. బాబాయి వెనక నిలబడ్డాడు. తెర దించి, సీసాను అరలో పెట్టుకుని, మూతమీద వేళ్ళు వేసింది. వణుకు ఆగలేదు. ఆగేదాకా కూర్చుందామనుకుంది, అది ఆగదని తెలుసుకుంది. వణుకుతూనే తిప్పింది. మూత సగం విరిగి పక్కకు పడింది. పలుకులు అరలో గాజుపొడిలా చిమ్మాయి. వెనక బాబాయి ఒక అడుగు ముందుకు వేశాడు.

"కదలకండి బాబాయ్."

ఒక్కొక్క పలుకునూ తడి బట్టతో ఒత్తి తీసింది. బట్టను గట్టి సీసాలో వేసింది, ఇంకో బట్ట తీసుకుంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కళ్ళద్దాల లోపల చెమట జారి కన్ను మండింది, తుడుచుకోలేదు. ముక్కుతో గాలి పీలిస్తే ఆ కుళ్ళు వాసన వస్తుందేమోనని నోటితో పీల్చింది. చివరికి పాత సీసా, బట్టలు, పైనున్న గ్లవ్స్ అన్నీ గట్టి సీసాలోకి వెళ్ళాయి. మూత బిగించింది. మళ్ళీ బిగించింది. మధ్యాహ్నం వచ్చిన వ్యర్థాలవాళ్ళు దాన్ని ఇనప డ్రమ్ములో దింపి తీసుకుపోయారు.

బండి గేటు దాటిన తర్వాత జాగ్రత్తమ్మ వరండా బల్లమీద కూలబడింది. బాబాయి టీ గ్లాసు అందించబోయాడు, పట్టుకోలేకపోయింది. ఆయనే దాన్ని పక్కన బల్లమీద పెట్టాడు. మేడమ్ వచ్చి కూర్చుంది. టీ చల్లారి పైన పొర కట్టింది.

"అవును గానీ," అంది మేడమ్ నెమ్మదిగా, "ఈ కొత్త గొలుసుల్లో పల్లాడియం మిగిలిపోయి ఉంటే ఏం చేస్తుందో చూశావా?"

జాగ్రత్తమ్మ చల్లారిన గ్లాసు రెండు చేతులతో అందుకుంది.

"లేదు మేడమ్," అంది. "రేపు చూస్తాను."